గెత్తం ఎక్కువైన మొక్క



ఈసారి ఒక మొక్క గురించి వ్రాస్తున్నాము. మొక్క గురించి అంటున్నాము గానీ, నిజానికి మా సంఘం గురించి, అందులోనూ మా తప్పు గురించి. 'మేము' అంటే పాస్టరు, పాస్టరమ్మ ఇద్దరమూ. తప్పు ఇద్దరం కలిసి చేసిందే గనుక ఒప్పుకోవడం కూడా ఇద్దరం కలిసే ఒప్పుకుంటున్నాము.

మా సంఘంలో సగానికి పైగా కడియం నర్సరీల్లో కూలి చేసేవాళ్ళే. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం వైపు ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకు తెలుసు, రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర మొక్కలే. గోదావరి తెచ్చిన ఒండ్రు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువ నీళ్ళు, ఈ రెండూ కలిసి మా నేలను ఎలా చేశాయంటే, ఇక్కడ కర్ర పాతినా చిగురిస్తుందని మా పెద్దలు అంటారు. తెల్లారగట్ల నాలుగింటికి ఆడవాళ్ళు క్యారేజీ సర్దుకుని బయల్దేరతారు. సంచుల్లో మట్టి నింపడం, కలుపు తీయడం, నీళ్ళు పెట్టడం, లారీలకు ఎత్తడం వాళ్ళ పని. మగవాళ్ళలో కొందరు అంట్లు కట్టడంలో ఆరితేరినవాళ్ళు.

అలాంటి అంట్లు కట్టే సహోదరుడొకడు 2019 క్రిస్మస్ ముందు ఒక వేలాడే కుండీ పట్టుకొచ్చాడు. "అయ్యగారండీ, ఇది చూడండి. పువ్వు కాదండి, కాయా కాదండి. ఆకు చివర కూజా కాసిందండి. పురుగుల్ని తింటదండి ఇది!" అన్నాడు. వాళ్ళ యజమాని పనివాళ్ళందరికీ పండక్కి తలా ఒక మొక్క ఇస్తే, తనది మా ఇంటికి తెచ్చాడు. వరండా చూరుకు వేలాడదీశాము. ఐదు కూజాలున్నాయి. ఆకుపచ్చ మీద ఎర్ర చారలు, అంచున గాజులాంటి నిగనిగ, పైన చిన్న మూత. ఆ ఆదివారం పిల్లలు ఆరాధనకు వచ్చారో, దాన్ని చూడ్డానికి వచ్చారో చెప్పడం కష్టం.

దీని శాస్త్రీయ నామం నెపంథిస్. బడి పుస్తకాల్లో కీటకాహార మొక్కల పాఠంలో బొమ్మ ఉంటుంది. ఆకు చివర నుంచి సన్నటి తీగ దిగి, దాని కొసన కూజా తయారవుతుంది. అంటే ఆ కూజా పువ్వు కాదు, ఆకులో భాగమే. మూత కింద, అంచు మీద తియ్యటి మకరందం ఊరుతుంది. దానికోసం వచ్చిన చీమ గానీ ఈగ గానీ, తడిసిన అంచు మీద కాలు జారి లోపలి నీళ్ళలో పడుతుంది. ఆ నీళ్ళు మొక్క తనలో తాను ఊరించుకున్న జీర్ణరసం. పడిన పురుగులోని నత్రజని, భాస్వరం మొక్క పీల్చుకుంటుంది.

మనలాగే మీకూ ప్రశ్న వస్తుంది, మొక్కకు ఈ అవస్థ ఎందుకు? అది పుట్టిన నేల అలాంటిది. ఈ జాతి మొక్కలు ఎక్కువగా కొండ అడవుల్లో, వాన ఎడతెరిపి లేకుండా కురిసి సారమంతా కొట్టుకుపోయిన చోట పెరుగుతాయి. వేళ్ళకు అందేది ఏమీ ఉండదు. అందుకని మొక్క పైకి చూస్తుంది. మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఒక్కటే, నెపంథిస్ ఖాసియానా. మేఘాలయలో గారో, ఖాసీ, జయంతియా కొండల్లో ఉంటుంది. గారో ప్రజలు దాన్ని 'మెమాంగ్ కోక్సి' అంటారట, దెయ్యపు బుట్ట అని అర్థం. అడవి తగ్గిపోయి, జనం పీక్కుపోయి అది అరుదైపోయింది, ఇప్పుడు దాని వ్యాపారం మీద అంతర్జాతీయంగా గట్టి ఆంక్షలున్నాయి. మా చూరున వేలాడేది అడవి నుంచి పీకి తెచ్చింది కాదు, నర్సరీల్లో పెంచే సంకర రకం. మన తూర్పు కనుమల తడి నేలల్లో కూడా డ్రాసెరా అనే చిన్న ఎర్ర మొక్క ఉంది. దానికి కూజా ఉండదు, ఆకుల మీది జిగురు చుక్కలతోనే పురుగుల్ని పడుతుంది. ఇంటికి దగ్గర చుట్టం అన్నమాట.

ఫిలిప్పీన్స్ దేశంలోని పలావన్ దీవిలో విక్టోరియా కొండ ఉంది. 2000లో ఇద్దరు క్రైస్తవ మిషనరీలు ఆ కొండ ఎక్కబోయి దారి తప్పారు. దాదాపు రెండు వారాలకు గానీ బయటపడలేదు. ప్రాణాలతో వచ్చాక, పైన ఎక్కడో చాలా పెద్ద కూజాల మొక్కలు చూశామని చెప్పారు. ఆ మాట పట్టుకుని 2007లో వృక్షశాస్త్రజ్ఞులు కొండ ఎక్కి ఆ మొక్కను కనుగొన్నారు. 2009లో దానికి నెపంథిస్ ఆటెన్‌బరోయి అని డేవిడ్ ఆటెన్‌బరో పేరు పెట్టారు. దారి తప్పిన ఆ సేవకులు ఆ రాత్రుల్లో ఎంత ఏడ్చి ఉంటారో! ఏడుస్తూ నడుస్తూ కూడా ఒక మొక్కను చూసి గుర్తుపెట్టుకున్నారు. కష్టంలో ఉన్నప్పుడు మన కళ్ళు మన కష్టం మీదే ఉంటాయి కదా.

సరే, పాస్టరు ఇంట్లో ఇలాంటి మొక్క ఉంటే ప్రసంగం రాకుండా ఉంటుందా? రెండో ఆదివారమే చేసేశాము. పాపము తియ్యగా పిలుస్తుంది, అంచు మీద నిలబెడుతుంది, లోపల పడ్డాక పైన మూత టక్కున మూసుకుంటుంది అని చేతులతో చేసి చూపించి మరీ చెప్పాము. ఆమేన్‌లు బాగానే వచ్చాయి. ఆరాధన అయ్యాక పదో తరగతి చదివే అమ్మాయి దగ్గరికొచ్చి మెల్లగా, "అయ్యగారూ, మూత మూసుకోదండి. అది వాన నీళ్ళు లోపల పడకుండా అడ్డం అంతేనండి. మా సైన్సు మాస్టారు చెప్పారండి" అంది. తర్వాత చూసుకుంటే ఆ పిల్ల చెప్పిందే నిజం. ఒకసారి తెరుచుకున్న మూత మళ్ళీ మూసుకోదు. ఆరోజు కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజమే. సృష్టిని చూడకుండానే సృష్టి మీద ప్రసంగం చేస్తే ఇలాగే ఉంటుంది.

చూడకుండా చేసిన పని అదొక్కటే అయితే బాగుండేది.

మా ఇద్దరివీ వ్యవసాయ కుటుంబాలు. మొక్క అంటే మాకు తెలిసింది గెత్తం వేయడం, నీళ్ళు పెట్టడం. కుండీలో చూస్తే మట్టే లేదు, కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు. "పాపం, దీనికి తినడానికేం పెట్టలేదు" అనుకున్నాము. పీచు తీసేసి లంక మట్టి, చివికిన గెత్తం కలిపి నింపాము. పదిహేను రోజులకోసారి చిటికెడు యూరియా. బోరు నీళ్ళు రెండు పూటలా. మొదట్లో మొక్క బ్రహ్మాండంగా ఎదిగింది. ఆకులు మూరెడు పొడుగు, ముదురు పచ్చ రంగు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఉన్న ఐదు కూజాలూ ఒక్కొక్కటే ఎండిపోయాయి. కొత్తవి రాలేదు. ఆకు చివర తీగ వస్తుంది, కొసన మిరియపు గింజంత మొగ్గ కడుతుంది, అక్కడే నల్లబడి ఆగిపోతుంది. రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఇప్పుడు సంఘం సంగతి.

మా సంఘం మొదలైనప్పటి నుంచీ 'పిడికెడు బియ్యం' అలవాటు ఉంది. డెల్టా సంఘాల్లో చాలామందికి ఇది తెలుసు. ఇల్లాలు పొద్దున్నే అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు, అందులోంచి ఒక పిడికెడు తీసి ప్రభువు పేరున డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా సంఘానికి తెస్తుంది. అన్ని ఇళ్ళ బియ్యమూ ఒక పెద్ద రేకు డ్రమ్ములో చేరుతుంది. సన్నబియ్యం, రేషన్ బియ్యం, ముక్క బియ్యం అన్నీ కలిసిపోయి, ఎవరిది ఏదో తెలియకుండా పోతుంది. జబ్బున పడ్డవాళ్ళకు, పని లేనివాళ్ళకు, ముసలివాళ్ళకు అందులోంచే వెళ్ళేది. కొన్ని నెలలు మేమూ అందులోంచే తిన్నాము.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. లారీలు కదల్లేదు, మొక్కలు నర్సరీల్లోనే ఎండిపోయాయి, కూలి ఆగిపోయింది. పిడికెడు తీసి పక్కన పెట్టడానికి ఇళ్ళలో పిడికెడు లేదు. అప్పుడు దూరదేశంలో ఉన్న ఒక స్నేహితుడు, ఈ ప్రాంతం వాడే, మా మాట విని డబ్బు పంపాడు. ఆ డబ్బుతో ప్రతి ఇంటికీ పాతిక కిలోల బస్తా ఇచ్చాము. అది దేవుడు చేసిన సహాయం, ఇప్పటికీ అదే అంటాము. ఆ రోజుల్లో అది లేకపోతే ఏమయ్యేవాళ్ళమో.

కానీ పనులు మళ్ళీ మొదలయ్యాక కూడా బస్తాలు ఆగలేదు. మేము ఆపలేదు. ప్రతి నెలా ఫొటోలు తీసి పంపేవాళ్ళము, ప్రతి నెలా డబ్బు వచ్చేది. మందిరానికి శ్లాబు వేశాము, టైల్స్ పరిచాము, కొత్త స్పీకర్లు కొన్నాము. మాకు కూడా నెలనెలా కొంత వచ్చేది, మా అబ్బాయి కాలేజీ ఫీజు దాంట్లోంచే కట్టాము. జనం పెరిగారు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

బియ్యం డబ్బాలు మాత్రం రావడం ఆగిపోయింది. ఎవరూ ఆపమని చెప్పలేదు. బస్తా ఇచ్చే చోటికి పిడికెడు ఎందుకు తేవాలి? శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నలభై మంది వచ్చే చోట పది మందయ్యారు. బస్తా అందలేదని ఒకరి మీద ఒకరు చాడీలు మొదలెట్టారు. రేకు డ్రమ్ము మందిరం వెనక చేరింది, అందులో పాత మైకు వైర్లు పడేశాము. ఇదంతా మా కళ్ళ ముందే జరిగింది. ఆకులు పచ్చగా ఉన్నాయి గనుక మేము చూడలేదు.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వదిలారు. భద్రాచలం దగ్గర 1986 తర్వాత నీళ్ళు అంత ఎత్తుకు రాలేదు. లంకల్లోంచి పడవల మీద వచ్చినవాళ్ళలో పదకొండు కుటుంబాలు రాత్రి తొమ్మిదింటికి మా మందిరానికి చేరాయి. మా సంఘంవాళ్ళ చుట్టాలు కొందరు, అసలు ఎవరో తెలియనివాళ్ళు కొందరు. తడిసిన బట్టలు, సంకన పిల్లలు, ఒకావిడ చేతిలో మేకపిల్ల. టైల్స్ మీద చాపలు పరిచాము. ఫ్యాన్లు వేశాము. ఒక చిన్నపిల్లాడు "అన్నం" అన్నాడు.

ఆ నెల డబ్బు ఇంకా రాలేదు. బస్తాలు లేవు. మా ఇంట్లో ఉన్నవి రెండు మానికల బియ్యం. అలవాటు కొద్దీ మందిరం వెనక్కి వెళ్ళి డ్రమ్ము మూత తీశాము. మైకు వైర్లు. అయినా వైర్లు పక్కకు తోసి అడుగున చెయ్యి పెట్టి చూశాము. ఎందుకు చూశామో తెలియదు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, నర్సరీలో సంచులు నింపి నింపి వేళ్ళు వంకర పోయిన తల్లి, గిన్నె పట్టుకుని బయల్దేరింది. "అమ్మగారూ, మీరు పొయ్యి రాజెయ్యండి, నేనిప్పుడే వస్తా" అంది. వానలో, చీకట్లో ఇల్లిల్లూ తిరిగింది. మన సంఘం, వేరే సంఘం, గుడికి వెళ్ళే ఇల్లు అని చూడలేదు. గిన్నె నిండితే తెచ్చి పోసి మళ్ళీ వెళ్ళింది. అర్ధరాత్రి దాటాక అందరూ పచ్చిమిరపకాయల పచ్చడితో వేడి అన్నం తిన్నారు. తిన్నవాళ్ళంతా పడుకున్నాక ఆవిడ మా పక్కన కూర్చుని ఒకే మాట అంది. "అయ్యగారూ, మనకి డబ్బులెక్కువై డబ్బాలు పోయాయండి." కోపంగా అనలేదు. నిష్ఠూరమూ లేదు. మాకు మాత్రం జవాబు లేదు.

వరద తీశాక ఆ అంట్లు కట్టే సహోదరుడు ఇంటికొచ్చి, వరండాలో మొక్కను చూసి నవ్వాడు. "గెత్తం వేశారేంటండీ దీనికి? వేళ్ళకి తిండి దొరికితే ఇంక కూజా ఎందుకు కడతదండి?" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

ఎలీషా దగ్గరికి అప్పుల బాధతో వచ్చిన విధవరాలి సంగతి మీకు తెలుసు, రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయంలో ఉంది. ప్రవక్త ఆమెకు డబ్బు ఇవ్వలేదు. ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, కొంచెం కాదు, చాలా. ఉన్న కాస్త నూనె పోస్తుంటే పాత్రలున్నంత సేపూ వచ్చింది, పాత్రలు అయిపోగానే ఆగింది. ఈ భాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ప్రతిసారీ నూనె గురించే చెప్పాము. పాత్రల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మా సంఘంలో పిడికెడు బియ్యం డబ్బాలే ఆ పాత్రలు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి ఒకటే అయిన పాత్రలు. వాటిని మేమే ఎండగొట్టాము, అదీ ప్రేమతోనే.

ఆ సెప్టెంబరులో స్నేహితుడికి ఉత్తరం వ్రాశాము. మందిరం పని పూర్తయింది, బస్తాలకు, మా జీతానికి ఇంక పంపవద్దు, ఆపద వస్తే మేమే అడుగుతాము అని. ఆయన నొచ్చుకున్నాడు. ఏడాది పాటు ఫోను చేయలేదు. సంఘ పెద్దలలో ఒకరు మా మీద గట్టిగానే కోప్పడ్డారు, "వచ్చేదాన్ని కాలదన్నుకుంటారా అయ్యగారూ?" అని. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. మూడు కుటుంబాలు వేరే చోటికి వెళ్ళిపోయాయి. అబ్బాయి ఫీజుకు పాస్టరమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టాము. ఇవన్నీ వ్రాయకపోతే ఈ సాక్ష్యం అబద్ధమవుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బీదరికం మంచిదని మేము చెప్పడం లేదు. కూలి పెంచమని అడిగేవాళ్ళకు ఈ మొక్కను చూపించి ఊరుకోమనడం పాపం. ఆకలి వేసినప్పుడు బస్తా బియ్యం దేవుని చేతి నుంచి వచ్చినదే. మా తప్పు సహాయం తీసుకోవడం కాదు, అవసరం తీరాక కూడా ఆపకపోవడం, ఇవ్వగలిగిన చేతుల్ని పుచ్చుకునే చేతులుగా మార్చేయడం. బీదవాళ్ళు ఇవ్వలేరని మనం అనుకుంటే, వాళ్ళ దగ్గరున్న ఒక్క గౌరవాన్నీ మనమే తీసేసుకున్నట్టు. యేసు ప్రభువు ఆ విధవరాలి రెండు కాసులు చూసి, 'వద్దమ్మా, నీకే కష్టం' అని ఆపలేదు కదా!

మొక్కను కూడా మార్చాము. లంక మట్టి తీసేసి మళ్ళీ కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు వేశాము. గెత్తం లేదు, యూరియా లేదు. బోరు నీళ్ళు మానేసి చూరు నీళ్ళు బిందెతో పట్టి పోస్తున్నాము. ఎండ పడకుండా తడక కట్టాము. మొదటి ఏడు ఆకులు పసుపుబారి చిన్నవైపోయాయి, చచ్చిపోతుందనే అనుకున్నాము. చూసినవాళ్ళెవరూ మెచ్చుకోలేదు.

డబ్బాలు కూడా మొదట నాలుగే వచ్చాయి. అందులో ఒకటి ఆ పెద్దావిడది. డ్రమ్ము కడిగి, ఎండబెట్టి ముందుకు తెచ్చి పెట్టాము. నాలుగు డబ్బాల బియ్యం పోస్తే అడుగు కూడా కనబడకుండా పోలేదు. ఇప్పుడు పందొమ్మిది ఇళ్ళ నుంచి వస్తున్నాయి. అంతకుముందు ముప్పై పైచిలుకు ఉండేవి. కోప్పడిన సంఘ పెద్దగారి డబ్బా పోయిన నెలలో వచ్చింది, ఆయన తేలేదు, మనవరాలి చేత పంపారు. మేము ఏమీ అనలేదు, పోసుకుని డబ్బా తిరిగి ఇచ్చాము.

ఈ వారం మొక్కకు రెండు కూజాలు వచ్చాయి. ఒకటి తెరుచుకుంది. రెండోది ఇంకా మూసే ఉంది. దీని గురించి ఒక సంగతి ఈమధ్యే తెలిసింది. కూజా మూత తెరుచుకోకముందే, ఒక్క వాన చుక్క గానీ పురుగు గానీ లోపల పడకముందే, అందులో నీళ్ళుంటాయి. మొక్క తనలోంచి తానే ముందుగా కొంచెం పోసి ఉంచుతుంది. ఆ తర్వాతే తెరుచుకుంటుంది. పొద్దున్న వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే ఆ నీటి గీత బయటికి లీలగా కనబడుతోంది. ఆ పదో తరగతి అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సెలవులకు వస్తే దానికి చూపించాలని ఉంచాము. ఈసారి ప్రసంగానికి ముందు దాన్నే అడుగుతాము.

ప్రియులారా, మీ ఇంట్లోనో సంఘంలోనో ఆకులు మాత్రమే పచ్చగా ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. మా కొరకు, అలిగి వెళ్ళిన ఆ మూడు కుటుంబాల కొరకు, దూరదేశంలో ఉన్న మా స్నేహితుని కొరకు ప్రార్థన చేయండి. ఆయన మొన్న ఫోను చేశాడు. "ఈ క్రిస్మస్‌కి వస్తున్నాను, నాకూ ఒక డబ్బా తీసి ఉంచండి" అన్నాడు.

దేవుడు మిమ్ములను దీవించును గాక. ఆమేన్.